పెళ్ళికూతురూ, బెదురుతాడూ

నేను ఒక బెదురుతాడును. చేలో దిష్టిబొమ్మ చేసే పనే నేను సముద్రం మీద చేస్తాను. తేడా అల్లా, దిష్టిబొమ్మ చేనుని పిట్టల నుంచి కాపాడుతుంది, నేను పిట్టల్ని మనుషుల నుంచి కాపాడతాను. జీతం మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆఫ్రికా దక్షిణపు కొసన ఒక రేవులో, తాళ్ళు పేనే షెడ్డులో పుట్టాను. గట్టి నైలాను తాడు నా వెన్ను. దానికి వరసగా నారింజరంగు రబ్బరు తోకలు వేలాడదీశారు. చివర, నీళ్ళలో ఈడ్చుకుపోవడానికి, గుమ్మడికాయంత ఎర్రటి బెండు కట్టారు. గోడకి వేలాడుతున్న నన్ను చూసినవాళ్ళు ఏదో ఉత్సవానికి కట్టే తోరణం అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఓడ ఎక్కాక అసలు సంగతి తెలిసింది. మనుషులకి దగ్గరి సముద్రాల్లో చేపలు చాలడం లేదు. అందుకని భూమికి అడుగుకొసన, మంచుగడ్డలు తేలే నీళ్ళ దాకా వస్తున్నారు. అక్కడ బాగా లోతున ఒక పెద్ద చేప ఉంటుంది. దానికోసం మైళ్ళ పొడవు తాడు, తాడుకి వేల గాలాలు, గాలానికో ఎర ముక్క. ఓడ ముందుకి పోతుంటే వెనక నుంచి ఆ తాడు నీళ్ళలోకి జారుతుంది. బరువులు కట్టి ఉంటాయి కాబట్టి మునుగుతుంది, కానీ మునిగేలోపు కాసేపు పైపైనే తేలుతుంది. ఆల్బట్రాస్ పక్షికి ఆ కాసేపు చాలు. ఎరని చూసి వాలుతుంది. ఎరతో గాలం నోట్లోకి పోతుంది, గాలంతో పక్షి అడుగుకి పోతుంది. విప్పితే ఇద్దరు మనుషులు చేతులు బారచాపి నిలబడ్డంత రెక్కలు దానివి. నీటి అడుగున అవి దేనికీ పనికిరావు.

అందుకని గాలాలు వదిలినంతసేపూ నన్ను ఓడ వెనక స్తంభానికి ఎత్తుగా కట్టి వదులుతారు. దూరంగా బెండు నీళ్ళలో లాగుతుంటుంది, నా తోకలు గాలికి టపటపా కొట్టుకుంటాయి, పక్షులు జంకి పక్కకి తొలుగుతాయి. ఎండాకాలంలో అక్కడ పొద్దు గుంకదు. పక్షులకి నిద్ర లేదు, నాకు సెలవు లేదు.

నాకో జన్మదోషం ఉంది. చిక్కు పడతాను. గాలి పక్కకి తిరిగిందంటే చాలు, నా తోకలు గాలాలకి, గాలాలు నా తోకలకి. అప్పుడు మైలపల్లి తాతారావు నోరు విప్పేవాడు. భీమిలి మనిషి. వెనక డెక్కు మీద పనంతా ఆయన చేతికింద నడిచేది.

"ఇది తాడా, మా మేనత్త కూతురి జడా? ఎప్పుడు సూసినా సిక్కే!"

ఆ తిట్టు అర్థమయ్యేవాడు ఓడ మొత్తం మీద ఇంకొక్కడే. సూరాడ ఎల్లాజీ, శ్రీకాకుళం జిల్లా తీరం వాడు. తాతారావుని చిన్నాన్నా అని పిలిచేవాడు. పెళ్ళైన నెలకే ఓడెక్కాడు. నన్ను కట్టేదీ విప్పేదీ చిక్కు తీసేదీ అతనే. చిక్కు తీసేటప్పుడు ఫోను డ్రమ్ము మీద నిలబెట్టి, ఓడ మీది శాటిలైట్ నెట్‌తో పెళ్ళాంతో వీడియోలో మాట్లాడేవాడు. అలా పోలేశ్వరితో నాకూ పరిచయమైంది. నవ్వితే తెరంతా ఆమె పళ్ళే కనిపించేవి, ఫోను అంత దగ్గరగా పెట్టుకునేది.

"ఏటి మావా, నా జడ ఒక్కసారైనా దువ్వినావా? దాన్ని మాత్తరం రోజూ దువ్వుతున్నావు."

"ఏటి సెయ్యనే, ఇది దగ్గిరుంది, నువ్వు దూరానున్నావు."

పక్కనుంచి తాతారావు దగ్గేవాడు. ఆ దగ్గుకి అర్థం, పని చూడమని.

ఆ రోజుల్లోనే ఒక ఆల్బట్రాస్ మా వెనక పడింది. కాలికి ఎవరో గుర్తుకోసం తొడిగిన నీలం రింగు, తెల్లటి మెడ పక్కన గులాబిరంగు మరక. ఎల్లాజీ ఫోను అటు తిప్పి చూపించాడు.

"ఒలమ్మా! మెడకి గంధం పూసినట్టు నేదూ? అచ్చం పెళ్ళికూతురే!" అంది పోలేశ్వరి. అది ఆడో మగో ఎవరికీ తెలియదు. ఆ పూట నుంచి దాని పేరు పెళ్ళికూతురు.

ఓడ మీద పక్షుల లెక్కలు చూసే అమ్మాయి ఒకతె ఎల్లాజీకి సైగలతో, వచ్చీరాని మాటలతో చెప్పింది. ఇవి జతకట్టాయంటే బతికినన్నాళ్ళూ విడవవు. రెండేళ్ళకి ఒకే గుడ్డు. ఒకటి దీవిలో గుడ్డు మీద కూర్చుంటే రెండోది మేతకి రోజులకి రోజులు సముద్రం మీదికి పోతుంది. ఇది రాకపోతే అది ఆకలితో చూసి చూసి, చివరికి గుడ్డుని వదిలేసి లేచిపోతుంది.

ఎల్లాజీ ఈ కథంతా పోలేశ్వరికి చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"అయితే మనలాగే మావా. ఒకలు ఇంటికాడ, ఒకలు సముద్రం మీద. దాన్ని బద్రంగా ఇంటికి పంపు. మాటియ్యి."

"ఇచ్చినానే."

ఇచ్చాడు. ఇచ్చిన మర్నాడే ఆ పక్షి ప్రాణం మీదికి తెచ్చే పనికి దిగాడు, అదీ ప్రేమతోనే. వాళ్ళ ఊళ్ళో వల ఒడ్డుకి లాగినప్పుడు పిట్టలకి నాలుగు చేపపిల్లలు విసరడం ఆచారం. "పిట్టకి పెట్టనోడి వల కాళీగా వత్తాది" అనేవాడట అతని అయ్య. అందుకని ఎల్లాజీ చేపల పేగులు దాచి, వెనక రెయిలింగు మీంచి పెళ్ళికూతురికి విసిరేవాడు. అది రోజురోజుకీ దగ్గరికొచ్చేది. ఫోనులో పోలేశ్వరి చప్పట్లు కొట్టేది. నాకు మాత్రం ఒకటి తెలిసిపోతోంది. అది నా తోకల కింద నుంచి దూరడం నేర్చుకుంటోంది. నేనంటే దానికి భయం పోతోంది. చెబుదామంటే తాడుకి నోరేది?

ఒక రోజు గాలాలు జారడం అప్పుడే మొదలైంది. ఫోను డ్రమ్ము మీద ఉంది. ఎల్లాజీ గుప్పెడు పేగులు విసిరాడు. పెళ్ళికూతురు వచ్చింది. పేగులు తింది. పక్కనే తేలుతున్న ఎర ముక్కా అందుకుంది.

"మావా! అది ములిగిపోతంది!" ఫోనులోంచి కేక.

"సిన్నాన్నా, ఆపు!"

తాతారావు గంట కొట్టాడు. ఓడ ఆటో కాదు, బ్రేకేస్తే ఆగడానికి. మెల్లగా, మెల్లగా నెమ్మదించింది. లాగే బలం పోయేసరికి నేను ఆకాశంలోంచి నీళ్ళలో పడ్డాను. పడ్డదాన్ని ఊరుకుంటానా? నా జన్మదోషం నాది. గాలాల తాడుకి చుట్టుకున్నాను. ఆ చుట్టుకోవడంలో పెళ్ళికూతురి కాలు నా తోకల్లో ఇరుక్కుంది. బరువులు దాన్ని కిందికి లాగుతున్నాయి, నా బెండు పైకి లాగుతోంది. తల మునుగుతోంది, తేలుతోంది. మళ్ళీ మునుగుతోంది.

"గాలాల తాడు వొదిలీండి! దీన్ని లాగండి, దీన్ని!" అని తాతారావు నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. నా ఒంటి మీద ఆయన చెయ్యి తిట్టకుండా పడడం అదే మొదటిసారి. "ఐలసా!" అన్నాడు. ఏయే దేశాలవాళ్ళో, ఏయే భాషలవాళ్ళో, అందరూ "ఐలసా" అన్నారు.

పైకొచ్చింది. ముక్కు పక్కన గాలం. ఎల్లాజీ తన తుండుగుడ్డ దాని కళ్ళ మీద కప్పి, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తాతారావు గాలం కొక్కెం కత్తిరించి మెల్లగా తీశాడు. కాలికి మాత్రం నేను నాలుగు చుట్లు తిరిగి ఉన్నాను.

"కొయ్యి తాడు," అన్నాడు.

"సిన్నాన్నా, ఉన్నది ఒకటే తాడు. ఇంకోటి కట్టేదాకా గాలాలు ఏయలేము గదా."

"ఏయొద్దు. ఇయ్యాల కాకపోతే రేపు. అక్కడ గుడ్డు మీద కూసున్నోడికి ఏటి సెప్తావురా?"

అన్నాళ్ళూ దగ్గుతూ ఆయన ఫోనులో మాటలన్నీ విన్నాడన్నమాట.

నన్ను కోశారు. పక్షిని నీళ్ళ మీద వదిలారు. అది రెక్కలు ముడుచుకుని అలల మీద అలాగే కూర్చుంది. ఫోనులో పోలేశ్వరి ఊపిరి వినిపిస్తోంది. గాలి ఒక్కసారి గట్టిగా వీచింది. పక్షి నీళ్ళ మీద పరుగెత్తి, లేచింది. దీవి వైపే పోయిందన్నాడు ఎల్లాజీ. ఆ నీళ్ళ మీద దీవి ఏ వైపో అతనికేం తెలుసు!

"ఆ పేగులు నువ్వేసినవే కదా?" అడిగాడు తాతారావు.

ఎల్లాజీ తల దించుకున్నాడు. "పిట్టకి పెట్టనోడి వల..."

"మా అయ్యా అదే సెప్పీవోడు. పెట్టొద్దన్లేదురా. మన ఒడ్డున పెడితే పుణ్ణెం. గాలాల పక్కన పెడితే పిలిసి సంపినట్టే."

మా ఓడ గాలాలకి అసలు పక్షులే చావలేదని చెప్పను. చచ్చాయి, నా కళ్ళముందే చచ్చాయి. ఆ రోజు ఒకటి చావలేదు, అంతే.

నా స్థానంలో కొత్త తాడు కట్టారు. అది ఇంకా బాగా బెదిరిస్తుందట, చిక్కు పడదట. మంచిదే. నాలో తోకలున్న ముక్కని ఎల్లాజీ పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. పోలేశ్వరి నన్ను డాబా మీద, గుమ్మడి వడియాలు ఆరబోసిన చీర పైన, అటూ ఇటూ కర్రలు పాతి కట్టింది. మళ్ళీ తోరణంలాగే ఉన్నాను. మొదటి రోజు కాకులు నన్ను చూసి జంకాయి. రెండో రోజుకి నా సంగతి వాటికి తెలిసిపోయింది.

ఇప్పుడు పోలేశ్వరి వడియాలకి దూరంగా, పిట్టగోడ చివర గుప్పెడు అన్నం పెడుతోంది.

"పెట్టేది పెడతాను. ఇక్కడ కాదు, అక్కడ," అని కాకులకి చెబుతోంది. ఎల్లాజీ వెనక కూర్చుని ఆమె జడ చిక్కు తీస్తున్నాడు. ఆ పనిలో అతనికి నా దగ్గర మంచి తర్ఫీదే అయింది.

"అది ఇల్లు సేరుంటాదా మావా?"

"సేరుంటాది."

"నీకెలా తెల్సు?"

"ఏం, నాను సేరనేదా?"

ఆమె నవ్వింది. కాకి ఒకటి వచ్చి సరిగ్గా నా మీద కూర్చుంది. గాలి వస్తే బెదిరిస్తాను. ప్రస్తుతం గాలి లేదు.