మూడో పేజీలో నా అబద్ధం

నేను ఒక వాడుక పుస్తకాన్ని. పుస్తకం అనడం నా గొప్పలే గానీ, నిజానికి మూలన ఒక పిన్నుతో పట్టి ఉంచిన పద్నాలుగు కాగితాలను. విశాఖపట్నంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు నాలుగో అంతస్తులో కౌముది అనే అమ్మాయి నన్ను రాసింది. ఇంజనీర్లు తయారుచేసినదాన్ని ఎలా వాడాలో మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాయడమే ఆమె ఉద్యోగం.

ఫ్యాక్టరీలో ఏ యంత్రానికి ఎప్పుడు ఏ భాగం మార్చారు, ఎవరు మార్చారు, ఎవరి అనుమతితో మార్చారు అన్న వివరాలు కంప్యూటర్లో దాచి ఉంటాయి. యంత్రం నంబరు చెప్పి అడిగితే వాటిని తెచ్చిపెట్టే ఏపీఐ అనే సాఫ్ట్‌వేరు ఒకటి తయారైంది. దాన్ని ఎలా అడగాలో చెప్పడం నా పని. ఇంజనీర్లు ఇచ్చిన అర పేజీ నోటును కౌముది సాగదీసి నన్ను చేసింది. సరిచూడటానికి ఆమె ఎంచుకున్నది ఒక కొత్త యంత్రాన్ని. దానికి తొమ్మిదే మార్పులు జరిగాయి, తొమ్మిదీ తెర మీదికి వచ్చాయి. ఇంకేం, మూడో పేజీలో లావు అక్షరాలతో రాసేసింది: ‘యంత్రానికి జరిగిన మార్పులన్నీ ఇందులో కనిపిస్తాయి.’ ఆ ‘అన్నీ’ చూసుకుని నేను మురిసిపోయాను. అంత తెలివితక్కువ మాట మరొకటి నాలో లేదని అప్పటికి నాకు తెలియదు.

శ్రీకాకుళం వైపు ఉన్న ఒక పాల డెయిరీ ఆ ఏపీఐని కొనుక్కుంది. దానితోపాటు నేనూ వెళ్లాను. నెల తిరగకుండానే, ఒక మంగళవారం ఉదయం అక్కడ పాలను చల్లబరిచే పాత కంప్రెసరు నుంచి అమ్మోనియా గ్యాసు బయటికి తన్నింది. నలుగురు కళ్లు మండి, దగ్గుతూ ఆసుపత్రికి పోయారు. సాయంత్రానికి తేరుకున్నారు గానీ డెయిరీ అంతా ఒకటే మాట: గ్యాసును పట్టి ఉంచే సీలు పాడైంది, దాన్ని మార్చవలసిన ఫిట్టరు మార్చలేదు.

ఆ ఫిట్టరు అప్పలసూరి. ఇరవై రెండేళ్లుగా ఆ కంప్రెసరు మంచిచెడ్డలు చూస్తున్న మనిషి.

శుక్రవారం మేనేజరు జోగారావు అతన్ని తన గదికి పిలిపించాడు. సిబ్బందికి ఏపీఐ వాడటం నేర్పడానికి కౌముది వచ్చింది కూడా ఆ రోజే. సస్పెన్షన్ కాగితం టైపు చేసి బల్ల మీద పెట్టి ఉంది. దాని పక్కన నేను.

“మార్చి నెల్లో మార్సినాను బాబూ. నా సేత్తో మార్సినాను. ఆఫీసులో రాయించినాను కూడా,” అన్నాడు అప్పలసూరి.

“రాయిస్తే కనబడాలి కదయ్యా? కంప్యూటర్లో లిస్టు జనవరితోనే అయిపోయింది.” జోగారావు నన్ను ఎత్తి మూడో పేజీ తీశాడు. “ఇదిగో, మార్పులన్నీ కనిపిస్తాయని అచ్చులో ఉంది. రాసినావిడ కూడా ఇక్కడే ఉన్నారు. ఏమ్మా, అంతేనా?”

జీవితంలో మొదటిసారి నన్నొకరు పైకి చదివి నాచేత సాక్ష్యం చెప్పించారు. గర్వంతో నా పిన్ను ఊడిపోతుందేమో అనిపించింది.

కౌముది అవునని తల ఊపబోయి తెర వైపు చూసింది. వరసలు లెక్కపెట్టింది. సరిగ్గా యాభై. ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. పక్క యంత్రం నంబరు కొట్టి చూసింది. దానికీ యాభయ్యే.

“ఒక్క నిమిషం సార్,” అని ఏదో మార్చి మళ్లీ అడిగింది. తెర మీద మరో పదిహేడు వరసలు పడ్డాయి. ఆ ఏపీఐ పాతవాటితో మొదలుపెట్టి యాభై చూపించి ఊరుకుంటుంది. మిగతావి మళ్లీ అడిగితేనే ఇస్తుంది. ఇంజనీర్లు నోటులో ఆ ముక్క రాయలేదు. కౌముది అడగలేదు. నేను మాత్రం లావు అక్షరాలతో అబద్ధమాడాను.

ఆమె పైకి చదివింది. “మార్చి పదకొండు. సీలు మార్పు. చేసినవారు అప్పలసూరి. అసలు రకం స్టోరులో లేనందున వేరే రకం అమర్చడమైనది. అనుమతి...” అని ఆగింది.

“సదవమ్మా,” అన్నాడు అప్పలసూరి.

“అనుమతి, జోగారావు.”

అంటే పాడైంది ఆ వేరే రకం సీలే, దానికి సరేనన్నది మేనేజరే. జోగారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బల్ల మీది సస్పెన్షన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

“తప్పు నాదండీ,” అంది కౌముది. “అన్నీ అని నేనే రాశాను. సరిగ్గా చూడకుండా రాశాను.”

అప్పలసూరి సంతోషించలేదు. “ఇరవై రెండేళ్లు సూసిన మనిషిని నమ్మనేదు. నిన్నగాక మొన్నొచ్చిన కాగితాన్ని నమ్మీసినారు,” అన్నాడు మేనేజరుతో. తర్వాత నన్ను ఆమె ముందుకు తోశాడు. “సూడమ్మా, ఇంకోడి ఉజ్జోగం మీదకి రాకుండా ఇక్కడే దిద్దీయ్.”

ఆమె ‘అన్నీ’ కొట్టేసి, ‘ఒకసారికి యాభై మాత్రమే, మిగతావాటికి మళ్లీ అడగాలి’ అని రాసి, కింద సంతకం చేసింది. ఆ గీత నా ఒంటి మీద సర్రున పాకింది. నొప్పి కన్నా సిగ్గే ఎక్కువ.

వారం తిరిగేసరికి దిద్దిన కొత్త ప్రతి రంగుల అట్టతో వచ్చి ఆఫీసు బీరువాలో కూర్చుంది. నన్ను చెత్తలో వెయ్యబోతే అప్పలసూరి అడిగి తీసుకున్నాడు. కంప్రెసరు గదిలో నూనె చేతులతో, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ మూడు మధ్యాహ్నాలు చదివాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నన్ను చదివిన మొదటి మనిషి అతనే. రాసినావిడ కూడా అంత ఓపిగ్గా చదివి ఉండదు.

నాలుగో రోజు కౌముదికి ఫోను చేశాడు.

“అమ్మా, ఎనిమిదో పేజీలో మచ్చుకిచ్చిన కంప్రెసరు బొమ్మ తలకిందులుగా అచ్చేసినారు. పదకొండులో వాల్వుకి పేరు తప్పు. ఇంకా ఉన్నాయి. సెప్పమంతావా, మానీమంతావా?”

అవతల కుర్చీ లాగిన చప్పుడు వినబడింది.

“చెప్పండి బాబాయ్. రాసుకుంటున్నాను.”