చితకని నిమ్మకాయలు

నేను ఒక డీజిల్ ఇంజన్ని. ఉన్నమాట చెప్పుకోవాలంటే, డీజిల్ ఇంజన్ తొడుక్కున్న చొక్కాని. లోపలి మనిషి ఎప్పుడో పోయాడు. చొక్కాకి రంగులద్ది, ఈ పార్కులో నా పొడవుకి సరిపడా పట్టాలు వేసి నిలబెట్టారు. ముందు పూలకుండీలు, పక్కన ఐస్‌క్రీం బండి. వచ్చినవాళ్ళంతా ఎంత బాగుందో అంటారు. బతికున్నప్పుడు ఈ మాట ఒక్కరూ అనలేదు.

నా పుట్టుక కాశీలో. అందరూ చావడానికి వెళ్ళే ఊళ్ళో నేను పుట్టానని మొదట్లో గొప్పలు పోయాను. నమూనా అమెరికాది, చెమట మనది. ఒంట్లో రెండువేల ఆరువందల గుర్రాల బలం ఉందని కాగితాల్లో రాశారు. ఒక్క గుర్రాన్నయినా నేను చూసిన పాపాన పోలేదు. కాజీపేట వైపు పంపినప్పుడు ఆవిరి ఇంజన్ల డ్రైవర్లు నా చుట్టూ తిరిగి పెదవి విరిచారు. నిప్పు లేదు, బొగ్గు లేదు, ఇదేం ఇంజనన్నారు. వాళ్ళలో గజ్జెల రాజమల్లు ఒక్కడే అరచేయి నా ఒంటికి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

అదే అతని అలవాటయింది. బండి కదిలించే ముందు చేయి ఆనించి నా దడ చూసుకునేవాడు. ఆయుధపూజ నాడు చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, వాటిని నాచేత తొక్కిస్తూ బయలుదేరేవాడు. కాయ చితికితేనే దిష్టి పోయినట్టు. చితక్కుండా పక్కకి దొర్లిందో, దిగొచ్చి మళ్ళీ పెట్టేవాడు. వెనక బొగ్గు వ్యాగన్లూ గార్డూ అంతవరకు ఆగాల్సిందే.

నా గొంతు పెద్దది. నన్ను చేసినవాళ్ళు నా గుండెకీ డ్రైవర్ చెవులకీ మధ్య ఒక రేకు పెట్టి చేతులు దులుపుకున్నారు. బల్లార్షా దాకా పోవడం, రావడం, ఏళ్ళ తరబడి అదే పని. రాజమల్లు వినికిడిలో తేడా మొదట కనిపెట్టింది అతని భార్య సమ్మక్క. అన్నానికి రమ్మని ఆమె అరుస్తుంటే, మొగుడూపెళ్ళాలు కొట్లాడుకుంటున్నారని పక్క క్వార్టర్ల వాళ్ళు అనుకునేవారు. చివరికి రాజమల్లు మెడికల్ తప్పాడు. రైల్వేలో ఆ మాటకి అర్థం, ఇక బండి దిగమని. షెడ్డు స్టోర్లో నూనెగుడ్డలు పంచే పనిచ్చారు. నేను షెడ్డుకి వచ్చిన ప్రతిసారీ స్టోరు వదిలి వచ్చి చేయి ఆనించి వెళ్ళేవాడు. లోకంలో అతనికి తెలిసే చప్పుడు అదొక్కటే మిగిలింది.

తర్వాత ప్రేమికులొచ్చారు. రైలు ప్రేమికులు. కెమెరాలు, మైకులు వేసుకుని వంతెనల మీద కాపు కాసేవారు. లోపల రోగం ముదిరి, ఎత్తు ఎక్కలేక నేను నల్లపొగ కక్కుతుంటే చప్పట్లు కొట్టి ఫొటోలు తీశారు. నా మోత రికార్డు చేసుకుని ఇది సంగీతమన్నారు. ఆ సంగీతమే ఒక మనిషి చెవులు తినేసింది. వాళ్ళ మీద నాకు కోపం లేదని చెబుదామనుకుంటాను గానీ, ఉంది.

లైనుకి కరెంటు తీగలొచ్చాయి. నన్ను పక్కకి తోసి, గుండె ఊడదీసి తుక్కు కింద అమ్మేశారు. అప్పుడు ప్రేమికులకి నేను గుర్తొచ్చాను. వాళ్ళ సంఘానికి పెద్ద శ్రీకర్, కంప్యూటర్ ఉద్యోగి. మంచివాడే. తిరగని ఆఫీసు లేదు, మిగిలిన చొక్కానయినా కాపాడాడు. ఖాళీ కడుపులో స్పీకర్లు పెట్టించాడు. వాటి అదురు నా రేకుకి తగిలితే మోత చెడుతుందని, కింద మెత్తని రబ్బరు పరిపించాడు. మీట నొక్కితే నా పాత గొంతు వినిపిస్తుంది. దాన్ని వాళ్ళు స్టార్ట్ చేయడం అంటారు.

ఆ మాటే కొంప ముంచింది. ప్రారంభోత్సవానికి నా పాత డ్రైవర్ని పిలుద్దామని శ్రీకర్ ఫోన్ చేశాడు. ఇంజన్ స్టార్ట్ చేస్తున్నామమ్మా, సార్‌ని తీసుకురండి అన్నాడు. సమ్మక్క భర్త చేయి పట్టుకుని అరచేతిలో పిడికిలితో దడదడ కొట్టి చూపించిందట. ఆ రాత్రి ముసలాయన నిద్రపోలేదని, పార్కుకి రాగానే ఆమే అందరికీ చెప్పింది.

పాత ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. అది ఒంటి మీద వేలాడుతోంది. జేబు నిండా నిమ్మకాయలు. నాలో ఏమీ లేదని ఎలా చెప్పను? ఆ చేయి పడితే ఎక్కడో ఒక మూల కదలిక పుడుతుందేమోనని, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ ఆశే. వంగలేక వంగి చక్రాల ముందు కాయలు పెట్టాడు. కర్పూరం వెలిగించాడు. ఎదురుగా ఫోన్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళ వైపు చేయి ఊపాడు.

"పక్కకు జరుగుండ్రి. కదుల్తది."

వాళ్ళు ముద్దుగా నవ్వుకుని జరిగారు. రాజమల్లు అరచేయి నాకు ఆనించాడు. శ్రీకర్ మీట నొక్కాడు. పార్కు దద్దరిల్లింది. పెద్దపెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. రాజమల్లు ఎదురు చూశాడు. చేయి తీసి ఇంకోచోట పెట్టాడు. చెంప ఆనించి చూశాడు. మోత ఆగి, చప్పట్లు కూడా అయిపోయాక, శ్రీకర్ వైపు తిరిగాడు.

"ఎప్పుడు స్టార్ట్ చేస్తరు సారూ?"

సమ్మక్క వెళ్ళి ఆయన రెండో చేయి అందుకుని, స్టార్టయిందన్నట్టు అరచేతిలో పిడికిలితో దడదడ కొట్టింది. ఆయన ఆమె మొహం చూశాడు. నా మీదున్న తన చేతిని చూశాడు.

"ఇది నీ చెయ్యి. దాంట్ల ఏం లేదు," అన్నాడు.

శాలువా కప్పారు. కప్పించుకున్నాడు. పోతూ పోతూ నా వైపు తిరిగి చూడలేదు. నేను ఇంజన్నయి ఉంటే చూసేవాడు.

నిమ్మకాయలు ఊడ్చేస్తుంటే ప్రేమికులే వద్దన్నారు, ఫొటోల్లో అందంగా పడుతున్నాయట. ఆదివారం ఆదివారం నన్ను స్టార్ట్ చేస్తారు. జనం మైమరచి వింటారు. చక్రాల ముందు కాయలు ఎండి నల్లబడ్డాయి. ఒక్కటీ చితకలేదు.