ఎర్నా ఇంటి వెనక బేరిచెట్టు

ఇరవైనాలుగు పోగుల రాగితీగ కొసను పటకారుతో బిగించి ఆల్విన్ పెట్రిక్ మెలితిప్పుతున్నాడు. ఆరు మెలికలు పడ్డాక రెండు పోగులు విడదీసి పక్కకు వంచాలి. అది కింది కొమ్మ. మరో రెండు మెలికలు వేసి ఇంకో మూడు పోగులు విడదీస్తే ఎదురు కొమ్మ. పొద్దున ఏడున్నరకు మొదలైన పని. తొమ్మిదయ్యేసరికి బల్ల అంచున బెండుముక్కల మీద అరజానెడు ఎత్తు చెట్లు పదకొండు మోడుల్లా నిలబడ్డాయి.

కుడిచేతి చివరి రెండు వేళ్లు తెల్లబడ్డాయి. నవంబరు వచ్చిందంటే అంతే. ముప్పై నాలుగేళ్లు మోటారు రంపం పట్టిన చెయ్యి అది. వేళ్లను కాఫీ గ్లాసుకు ఆనించి, రంగు తిరిగి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పొద్దుట్నుంచి ఎడమ భుజం కూడా లాగుతోంది. తీగ గట్టిది, అందుకే అనుకున్నాడు.

అతను నేలను పైనుంచే తవ్వుకుపోయే బొగ్గుగనిలో పనిచేశాడు కానీ బొగ్గు తవ్వలేదు. తవ్వే యంత్రం రాకముందే అడవి పోవాలి, తోటలు పోవాలి, వీధిలో చెట్లు పోవాలి. ఇళ్లు కూల్చేవాళ్లు వేరు. సమాధులు తరలించేవాళ్లు వేరు. ఆల్విన్‌ది చెట్ల పని. పదిహేడో ఏట రంపం పట్టాడు. పదమూడు ఊళ్లు అతని కళ్లముందే పోయాయి. ఆ గొయ్యిలో ఇప్పుడు నీళ్లు నింపుతున్నారు.

బుల్లి రైళ్ల సంఘంవాళ్లు ఆ పోయిన ఊళ్లలో ఒకటైన డ్రోబ్నిట్సను స్టేషనుతో సహా ఎనభై ఏడో వంతుకు తగ్గించి కడుతున్నారని ఎనిమిదేళ్ల కిందట విని, చూడటానికి వెళ్లాడు. దుకాణంలో కొన్న చెట్లు సీసాలు కడిగే బ్రష్షుల్లా ఉన్నాయి. "ఇలాంటి చెట్టు ఎక్కడా ఉండదు" అన్నాడు. సంఘం పెద్ద ఊవె చురుగ్గా చూసి, "అయితే మీరే చెయ్యండి" అన్నాడు. చేశాడు. ఏ కొమ్మ ఎటు బరువు పెడుతుందో తెలియనివాడు రంపం పట్టి బతకలేడు. ఆ తెలివి తీగ మెలితిప్పడానికీ పనికొచ్చింది.

ఆకులకు బిర్చ్ చెట్టు గింజల పొలుసులు. ఎండబెట్టి మూడుసార్లు జల్లెడ పడితే అచ్చం ఆకుల్లాగే ఉంటాయి. భార్య రెనాటే ఉన్న రోజుల్లో గొణిగేది: "జీవితమంతా బయట అడవి కొట్టావు, ఇప్పుడు ఇంట్లో పెంచుతున్నావు. సూపులో కూడా ఆకులే." ఆమె పోయి ఐదేళ్లు. ఇప్పుడు సూపులో ఆకులు పడినా తీసేవాళ్లు లేరు.

పదింటికి, అంతకుముందే ఆకులు అంటించి ఉంచిన చెట్లను చెప్పులపెట్టెలో సర్ది స్టేషను వెనక పాత గోదాముకు వెళ్లాడు. క్రిస్మస్ ముందు జరిగే ప్రదర్శనకు రెండు వారాలే ఉంది. లోపల నమూనా ఊరు పరిచిన బల్ల పక్కన చేతికర్రతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది.

"ఏమయ్యా తోటమాలీ, సమయానికొచ్చావు" అన్నాడు ఊవె. "ఈవిడ ఎర్నా బుడర్ గారు. డ్రోబ్నిట్సలోనే పుట్టి పెరిగారు. కోట్‌బుస్ నుంచి బస్సులో వచ్చారు, మన తప్పులు పట్టుకోడానికి."

ఆమెకు ఎనభై ఎనిమిదేళ్లుంటాయి. వేలితో వీధి వెంట నడుస్తోంది. "స్టేషను గడియారం ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. రొట్టెల కొట్టు సరిగ్గానే ఉంది. ఇదిగో, మా ఇల్లు." వేలు ఆగింది. "వెనకాల బేరిచెట్టేదీ?"

"ఫోటోల్లో కనపడలేదమ్మా" అన్నాడు ఊవె.

"ఫోటో ముందునుంచి తీస్తే వెనకున్న చెట్టెలా పడుతుంది అబ్బాయ్?"

ఆల్విన్ పెట్టె మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అక్కడ బేరిచెట్టు ఉండాలని ఆ పెరడు కట్టిన రోజునుంచీ అతనికి తెలుసు. చుట్టుపక్కల పెరళ్లన్నీ నింపాడు. అక్కడ మాత్రం గడ్డి అంటించి వదిలేశాడు.

"ఉండేదండీ" అన్నాడు. "పడమటికి వంగి ఉండేది."

ఆమె తలతిప్పింది. "నీకెట్లా తెలుసు?"

"కొట్టింది నేనే."

ఊవె ఏదో వైరు చూడాలన్నట్టు బల్ల కిందికి దూరాడు.

"పంతొమ్మిదివందల ఎనభై మూడు, అక్టోబరు" అంది ఆమె. "కాయలు కోసుకుంటాను, వారం ఆగమన్నాను."

"అవునండీ."

"ఆగలేదు."

"పైనుంచి రోజుకింతని లెక్క..." అని మొదలుపెట్టి ఆపేశాడు. "కాదండీ. ఆగొచ్చు. తోట అవతలి కొసనుంచి మొదలెడితే మీ చెట్టు దగ్గరకొచ్చేసరికి వారం పట్టేది. మీ గేటు దగ్గర బండి నిలపడానికి చోటుందని ఇటునుంచి మొదలెట్టాను. అంతే."

ఆమె చేతికర్ర మీద చేతులు మార్చుకుంది.

"కాయలేం చేశారు?"

"నేనొకటి కొరికాను. రాయిలా ఉంది. ఉమ్మేశాను."

ముసలమ్మ భుజాలు కదిలాయి. నవ్వుతోందని అతనికి వెంటనే అర్థం కాలేదు. "అది చెట్టుమీంచి తినే కాయ కాదు. గడ్డిలో పెట్టి క్రిస్మస్ దాకా ఆగాలి. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మా అత్త నాకూ అట్లాగే ఒకటి కొరకమని ఇచ్చింది, చూసి నవ్వుకోడానికి." కళ్లు తుడుచుకుంది. "ఆ పెట్టెలో చెట్లు నీ చేతివేగా? మా చెట్టూ చెయ్యి, చేస్తే. కానీ అందంగా చెయ్యకు. అదేమంత అందంగా ఉండేది కాదు. కింద ఒక కొమ్మ ఎండిపోయి ఉండేది. బట్టల తాడు దానికే కట్టేదాన్ని."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"బుధవారం. మోకాళ్లు ఒప్పుకుంటే."

మధ్యాహ్నం ఉడికిన బంగాళాదుంపలు, గడ్డపెరుగు, దానిమీద అవిసెనూనె. సగం తిని పక్కన పెట్టాడు. బల్లముందు కూర్చుని ముప్పైఆరు పోగులు తీసుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నో బేరిచెట్లు చేశాడు కానీ ఫలానా చెట్టని ఒక్కటీ చేయలేదు. ఇది చేయాలంటే, దాన్ని నరికిన రోజు మొత్తం తలుచుకోవాలి. రంపం ఎటునుంచి పెట్టాడు, అది ఎటు ఒరిగింది, పడ్డాక ఏ కొమ్మ నేలకు తగిలి విరిగింది. తలుచుకున్నాడు. తీగ ఆ లెక్కనే వంగింది.

జిగురులో రంపపు పొట్టు కలిపి కాండానికి పూశాడు. బేరి బెరడు చిన్న చిన్న గళ్లుగా పగులుతుంది. ఆ గళ్లు గుండుసూదితో గీశాడు. ఎండుకొమ్మను ఆకుల్లేకుండా వదిలేశాడు. ఆకులు అంటించాక కాయల కోసం వంటగదిలోంచి గసగసాలు తెచ్చి, పసుపూ ఆకుపచ్చా కలిపిన రంగులో ముంచి, సూది మొనతో ఒక్కొక్కటే కొమ్మలకు అంటించాడు. మధ్యలో రెండుసార్లు ఆగి భుజం రుద్దుకున్నాడు. వీధి దీపాలు వెలిగాయి. అతను తన దీపాన్ని ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాడు.

ఆరింటికి ఊవె వచ్చాడు. తలుపు గడియ వేసి లేదు. ఆల్విన్ కళ్లజోడు తియ్యకుండానే కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఊవె రెండుసార్లు పేరుపెట్టి పిలిచాడు. చెయ్యి తాకి చూశాడు. దీపం ఆర్పబోయి, ఎందుకో ఆర్పలేక, నడవలోకి వెళ్లి డాక్టరుకు ఫోను చేశాడు.

బుధవారం ఎర్నా బుడర్ వచ్చింది. ఊవె ఆమెకు కుర్చీ వేసి ఆల్విన్ పోయిన సంగతి చెప్పాడు. ఆమె కోటు విప్పకుండానే కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, బల్లమీదికి వంగి, తన ఇంటి వెనక్కి చూసింది. చెట్టు పడమటికి ఒరిగి, కాయలతో, ఒక ఎండుకొమ్మతో నిలబడి ఉంది.

"నిచ్చెన సంగతి నేను చెప్పలేదే" అంది.

"అదీ ఆయన బల్లమీద చెట్టు పక్కనే ఉందమ్మా, రెండూ తెచ్చి పెట్టాను. మీరు అడిగారేమో అనుకున్నాను. తీసెయ్యమంటారా?"

"వద్దు. ఉండనీ."

అగ్గిపుల్లలు చీల్చి చేసిన ఎనిమిది మెట్ల నిచ్చెన కాయలున్న కొమ్మకు ఆనించి ఉంది. దాని పై మెట్టు కాస్త వంకరగా అతుక్కుంది.