మూటన్నర

చౌడేశ్వరిది పెద్ద గొంతు. అది వాళ్లమ్మ సిద్దమ్మ నుంచి వచ్చింది. కుందుర్పి దగ్గరి పల్లెలో సిద్దమ్మ అంగన్‌వాడీ ఆయా. నెలకోసారి పిల్లల బరువు చూసే రోజున, వేలాడదీసిన కాటాలో బిడ్డను కూర్చోబెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, వీధి చివరికి వినబడేలా కేక వేసేది. అరుగు మీద కూర్చున్న టీచరు ఆ అంకెను పుస్తకంలో రాసుకునేది. వానలు మొహం చాటేసిన ఏళ్లలో అయితే తల్లులందరూ ఆ కేక కోసమే చెవులు రిక్కించుకుని నిలబడేవాళ్లు. పోయిన నెల కంటే పావుకిలో పెరిగిందంటే చాలు, ఆ తల్లి మొహం వెలిగిపోయేది. ఇక ఎవరి బిడ్డయినా నిండుగా తూగితే సిద్దమ్మ ఊరుకుంటుందా? శెనక్కాయ మూట మాదిరి ఉండాడు మా సామి, అని బుగ్గ గిల్లి మరీ చెప్పేది. శెనక్కాయ మూటంటే నలభై కేజీలు, ఆ ఊళ్లో అంతకు మించిన మెప్పు లేదు.

అట్లాంటి ఊళ్లో పుట్టిన పిల్ల, కిందామీదా పడి చదివి, అనంతపురంలో పరిశోధన చేసేదాకా వచ్చింది. అది 2006వ సంవత్సరం. ఆమె తీసుకున్న విషయం వింటే ఊళ్లో నవ్వినవాళ్లే గానీ మెచ్చుకున్నవాళ్లు లేరు. పట్నం పిల్లల్లో ఊబకాయం ఎంత ఉంది, లావుగా ఉన్నావని నలుగురూ అనే మాటలు ఆ పిల్లల మనసును, తిండిని ఏం చేస్తాయి, అన్నది విషయం. వాళ్ల నాయన శివప్ప అయితే తింటున్న ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"తిని బలిసినోళ్లకు గూడా ఏడుపు ఉంటాదా పాపా? దానికి మళ్లా సదువా?" అన్నాడు.

చౌడేశ్వరి నవ్వి, నాయనకు ఏదో సర్దిచెప్పింది. నిజం చెప్పాలంటే ఆ మాట ఆమె కడుపులోనూ ఎక్కడో ఒక మూల ఉంది. కరువు ఏడాదిలో పదకొండేళ్ల వయసున ఆమె తూగింది ఇరవై నాలుగు కేజీలు. అది మరిచిపోయే అంకె కాదు. అయినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. పుస్తకాలు చదివింది, ప్రశ్నలు తయారు చేసింది, గైడు రామదాసు గారిని ఒప్పించుకుంది. పిల్లలను ఒక్కొక్కరినే పరదా వెనక్కి పిలిచి బరువు చూడాలి, అంకె పైకి చెప్పకూడదు, పక్కపిల్లకు తెలియకూడదు. ఈ నియమాలన్నీ ఎవరో పెట్టినవి కావు. ఆమే తన చేత్తో రాసుకున్నవి.

రాయదుర్గంలో ఒక ప్రైవేటు స్కూలు ఒప్పుకుంది. జూలైలో ఒక పొద్దున బరువు చూసే మిషను మోసుకుని బస్సు దిగింది. తీరా చూస్తే హెడ్మిస్ట్రెస్ ఇచ్చింది ఒక్కటే పీరియడు. వేరే గది లేదు, పరదా కట్టడానికి మేకు లేదు. ఆరో తరగతి పిల్లలు ముప్పై ఆరు మంది బెంచీల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల క్లాసు టీచరు పాపం సాయం చేస్తానని పుస్తకం ముందర పెట్టుకుని పెన్ను తీసింది. నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను, అంది. ఇంకేముంది, చౌడేశ్వరి నోరు తెరిచింది. పుట్టినప్పటి నుంచి చూసిన పని అదే కదా, ఒకరు కేక వేయడం, ఒకరు రాసుకోవడం.

ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ముప్పై నాలుగు అని అంకెలు పోతూ ఉన్నాయి. ఇరవై మూడో నంబరు దగ్గర సుష్మిత లేచి వచ్చింది. బజారులో పెద్ద కిరాణా అంగడి ఉన్న గురుమూర్తి కూతురు. తెల్లగా, బొద్దుగా, నూనె పెట్టి దువ్విన రెండు జడలకు రిబ్బన్లు కట్టుకుని ఉంది. బూట్లు విప్పి, మడత నలగని తెల్లటి సాక్సులతో మిషను ఎక్కింది. చౌడేశ్వరి ఒకసారి ఆ సాక్సుల వైపు చూసింది. తర్వాత ముల్లు చూసింది.

"యాభై ఎనిమిది," అని కేక వేసింది. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. "మూటన్నర శెనక్కాయలు గదప్పా!" అని కూడా అనేసింది.

క్లాసంతా గొల్లుమంది. టీచరు కూడా పెన్ను నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వాలి కాబోలు అనుకుని సుష్మిత కూడా నవ్వింది. మిషను దిగి బూట్లు వేసుకోబోయి, కుడిది ఎడమ కాలికి తొడుక్కుని, మళ్లీ విప్పి, మళ్లీ తొడుక్కుంది. అప్పటికి చౌడేశ్వరి ఇరవై నాలుగో నంబరును పిలిచేసింది. పీరియడు అయిపోయేలోగా అందరి బరువూ చూడగలిగానని ఆ రోజు ఆమెకు మహా సంతోషం.

నెల తర్వాత మళ్లీ వెళ్లి ప్రశ్నల కాగితాలు పంచి, నింపించుకుని వచ్చింది. కాగితాల మీద పేర్లు ఉండవు, నంబర్లే. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కళ్యాణదుర్గం దాటాక, చూద్దాంలే అని సంచిలోంచి కట్ట తీసి ఒక్కొక్కటే చదవసాగింది. ఇరవై మూడో కాగితం చేతికి వచ్చింది.

లావుగా ఉన్నావని నిన్ను ఎక్కువ బాధపెట్టిన మాట ఎవరు అన్నారు, అన్నది ప్రశ్న. కింద అమ్మానాన్నలు, బంధువులు, టీచర్లు, స్నేహితులు, ఇతరులు అని గళ్లున్నాయి. పిల్ల ఇతరులు అన్న గడిలో టిక్కు పెట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో "బరువు చూసిన అక్క" అని రాసింది. ఏమన్నారు అన్న చోట "మూటన్నర. ఇప్పుడు అందరూ నన్ను అట్లే పిలుస్తారు" అని రాసింది. ఆ తర్వాత నువ్వు ఏం చేశావు అన్న ప్రశ్నకు ఒకే మాట ఉంది. "తినేది మానేసినా."

చౌడేశ్వరికి తల కొట్టేసినట్టయింది. పక్క సీటు ఆమె చదువుతుందేమోనని కాగితం మడిచి పట్టుకుంది. ఎవరో పిల్లల్ని ఎట్లా బాధపెడతారో తేల్చడానికి బయల్దేరి, తనే ఆ జాబితాలోకి ఎక్కింది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది? బస్సు దిగేదాకా తనకు తాను నచ్చజెప్పుకుంది. అది మా ఊరి మాట, ముద్దు మాట, అమ్మ రోజూ అనే మాట, పాపకు అర్థం కాలేదు, అంతే. చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ, అమ్మ ఎప్పుడూ మూట అనేది. మూటన్నర అని ఏ బిడ్డనూ అనలేదు. ఆ అర మాత్రం చౌడేశ్వరి సొంతం.

మరునాడు రామదాసు గారికి కాగితం చూపించింది. ఆయన మంచివాడే, మూడు కమిటీల మధ్య నలిగిపోతున్న మనిషి. కళ్లజోడు పైకి నెట్టి చదివి, బరువు చూసిన మనిషి లెక్కలోకి రాదమ్మా, ఈ ఒక్క కాగితం తీసి పక్కన పెట్టెయ్, సగటు ఏమీ మారదు, అన్నాడు. ఆ మాటకు ఆమెకు ముందు ప్రాణం లేచి వచ్చింది. గది బయటికి వచ్చి నాలుగు మెట్లు దిగాక, ప్రాణం లేచి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆదివారం రాయదుర్గం బస్సు ఎక్కింది. పిల్ల దగ్గరికి పోయి, తప్పు నాదని చెప్పి, ఆ పిల్ల మళ్లీ అన్నం తినేటట్టు చేసి రావాలి. ఇంకే పనీ లేదు.

గురుమూర్తి అంగడి ఎవరిని అడిగినా చెబుతారు. ఇల్లు దాని వెనకే. ఆయన తల్లి వరలక్ష్మమ్మ తలుపు తీసింది. స్కూల్లో బరువు చూసిన అక్క అని తెలియగానే ఆమె చేసిన మర్యాద అంతా ఇంతా కాదు. చాప పరిచి, చెంబుతో నీళ్లిచ్చి, వద్దంటున్నా వినకుండా పళ్లెం నిండా బొరుగుల ఉగ్గాని, పైన నాలుగు బజ్జీలు పెట్టి ముందుంచింది. సుష్మిత లోపలి నుంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. గౌను భుజాల మీద నుంచి జారిపోతోంది. కళ్ల కింద నల్లబడింది. చౌడేశ్వరి ఆ పిల్లను కళ్లెత్తి చూడలేకపోయింది.

అవ్వ తన గోడు వెళ్లబోసుకుంది. పిల్ల క్యారియరు తీసుకుపోయి ఖాళీగా తెస్తుందట, తిన్నదనుకున్నారట. తీరా అదంతా స్కూలు గేటు కాడ పందులకు వేస్తోందని తెలిసిందట. మొన్న ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయిందట. డాక్టరు టానిక్కు రాసిచ్చాడట. టానిక్కుకు ఇది లొంగే జబ్బు కాదని అవ్వ నమ్మకం.

"దిష్టి తగిలిందమ్మా మా పాపకు. కళ్లకు నిండుగా ఉండె. ఏ పాపిష్టి కన్ను పడిందో, నెల దినాల్లో ఇట్ల అయిపాయ," అంది.

అంటూనే పెరట్లోకి పిలిచింది. నీళ్లు కాచే పొయ్యిలో నిప్పులున్నాయి. పిల్లను పీట మీద తూర్పుగా కూర్చోబెట్టి, గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని చుట్టూ తిప్పసాగింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దావన పోయేవాళ్ల దిష్టి, అంగడికి వచ్చేవాళ్ల దిష్టి అని ఒక్కొక్కరినే పేరు పెట్టి దిగదుడుస్తోంది. చౌడేశ్వరి గడప దగ్గర నిలబడి వింటోంది. ఊరంతా వచ్చింది ఆ వరసలో. తన పేరు ఒక్కటే రాలేదు. అవ్వ మిరపకాయలు నిప్పుల్లో వేయబోయింది.

"నా పేరు గూడా చెప్పండవ్వా," అంది చౌడేశ్వరి.

అవ్వ నవ్వింది. నీదేం దిష్టి తల్లీ, చదువుకున్న బిడ్డవు, నీది చల్లని కన్ను, అంది. ఆ మాటతో చౌడేశ్వరికి ఉన్న కాస్త ఓపికా పోయింది. ఆ గడప మెట్టు మీదే కూర్చుంది.

"కాదవ్వా. ఆ కన్ను నాదే. ముప్పై ఆరు మంది ముందర పాప బరువు నేనే అరిచి చెప్పినా. మూటన్నర అని పేరు పెట్టింది నేనే. నోటి అలవాటు అని చెప్పుకున్యా గానీ, కాదు. ఆ తెల్ల సాక్సులు, ఆ బుగ్గలు చూసి నాకు ఓర్వలేనితనం వచ్చె. ఆ వయసులో మాకు సంగటే దొరికేది కాదు. నవ్వినప్పుడు నాకు బాగనిపించె." పిల్ల వైపు తిరిగి, "తప్పు నాది తల్లీ. నీ దాంట్లో ఏ తప్పూ లేదు. నువ్వు తినాల," అంది.

అవ్వ గుప్పిట అట్లాగే ఉండిపోయింది. తిట్టలేదు. తిట్టి ఉంటే చౌడేశ్వరికి కొంచెం తేలిక అయ్యేదేమో. సుష్మిత మాత్రం పీట మీద నుంచి లేచి దగ్గరికి వచ్చింది. అక్క ఏడుస్తుంటే చూడలేక, ఓదారుద్దామనుకుందో ఏమో, మెల్లగా చెవి దగ్గరగా చెప్పింది.

"అక్కా, మిషను మళ్లా ఎప్పుడు తెస్తారు? ఈసారి తక్కువొస్తాది. ఆ పొద్దు చెప్పినట్టే అందరికీ వినపడేటట్టు చెప్పండక్కా."

ఆ పిల్ల కళ్లల్లో కోపం లేదు. కాస్త ఆశ ఉంది, అంతే. క్షమించమని అడగడానికి వచ్చిన మనిషికి, ఈ పిల్ల ఇన్నాళ్లూ తన మెప్పు కోసం కడుపు మాడ్చుకుంటోందని అప్పుడు తెలిసింది. మిషను తేనని, ఇక ఎవరి బరువూ చూడనని ఏదో గొణిగింది. పిల్ల మొహం చిన్నబోయింది.

వరలక్ష్మమ్మ మిరపకాయలు పొయ్యి గట్టు మీద పెట్టి లోపలికి పోయింది. చాప దగ్గర చౌడేశ్వరికి పెట్టిన పళ్లెం అట్లాగే ఉంది. ఆ ఇంట్లో అతిథి ముందు నుంచి పళ్లెం తీసిన రోజు లేదు. అవ్వ ఆ పళ్లెం తీసి మనవరాలిని పిలిచి, దాని ముందర పెట్టింది. తిను, అంది. సుష్మిత కూర్చుంది. వేళ్లు పళ్లెం దాకా పోయి ఆగాయి. తల తిప్పి గడప దగ్గర ఉన్న అక్క వైపు చూసింది.

తను చూస్తున్నంతసేపూ ఆ పిల్ల ముద్ద ముట్టదని చౌడేశ్వరికి అర్థమైంది. చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా వీధిలోకి వచ్చేసింది.