కోసిన బజ్జర్ వైరు

తిరుత్తణి రోడ్డులో రైస్ మిల్లు నడిపే మా యజమాని, వెంకటపతి మొదలాళి, ఎనభై నాలుగులో కొత్త లారీ కొన్నాడు. డ్రైవర్ని నేను. రివర్స్ గేరు వేస్తే వెనక బిగించిన చిన్న బజ్జర్ కీకీమని అరిచేది. మిల్లు ఆడుతుంటే ఇంజను చప్పుడు ఎవరికీ వినపడదు, ఆ కూత మాత్రం చెవిలో గుచ్చుకునేది. కళ్లంలో వడ్లు ఆరబోసే ఆడవాళ్లు అది విని, నడుం ఎత్తి పక్కకు జరిగేవాళ్లు.

అదే ఆయనకు గిట్టలేదు.

"అది కూసినప్పుడల్లా ఈళ్లు పని నిలిపి చూస్తా ఉండారు. వైరు కోసెయ్ రా తంగరాజు" అన్నాడు.

కోసేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చేతుల మీద నాకే అసహ్యం.

పదో రోజున ఆ ఆడవాళ్లలో ఒకామె, తులసమ్మ, లారీ వైపు వీపు పెట్టి, వంగి వడ్లు ఊడుస్తోంది. బండి వెనక్కి తీస్తున్న నాకు అద్దంలో కనపడలేదు. చక్రం పాదం మీదికి ఎక్కింది. తిరువళ్లూరు ఆస్పత్రిలో ఆ పాదం తీసేశారు.

అది జరిగిన నాలుగో రోజు మొదలాళి వచ్చి, "తవుడు ఎత్తాల, బండి వెనక్కి పెట్టు" అన్నాడు. కళ్లంలో ఆడవాళ్లు వంగి ఉన్నారు. వాళ్లలో తులసమ్మ కూతురు రాజామణి కూడా ఉంది.

"వైరు కలిపినాకే అయ్యా."

"వైరు ఏం చేసినాది రా? ఆ యమ్మ చెవులు యాడ పెట్టుకోనుండాదో!"

నా ఒళ్లు మండిపోయింది.

"అట్లయితే మీరు నిలబడండి అయ్యా. ఆ యమ్మ ఉన్న తావులోనే, ఆ మాదిరే వంగి ఊడవండి. తిరిగి చూడకూడదు. చెవులతో వినండి, సాలు."

ఆడవాళ్లు అందరూ తలెత్తారు. వాళ్ల ముందు పరువు పోతుందని ఆయన పంచె ఎగగట్టి, చీపురు పట్టుకుని వంగాడు. నేను ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాను.

పది లెక్కపెట్టేలోపు తిరిగి చూశాడు. మళ్లీ వంగాడు, మళ్లీ చూశాడు. మూడోసారి చీపురు పారేసి గోడ దాకా పరుగెత్తాడు. నేను గేరు కూడా వేయలేదు. లారీ అంగుళం కదల్లేదు.

"కలిపెయ్" అన్నాడు అక్కణ్ణుంచే, మొహం అటు తిప్పుకుని.

గెలిచానని ఛాతీ విరుచుకుని దిగాను. బండి వెనక్కి వెళ్లి వైరు కొసలు గీకుతుంటే రాజామణి వచ్చి పక్కన నిలబడింది.

"ఈ మాట కోసే రోజే చెప్పింటే మా యమ్మకు కాలుండేది కదన్నా" అంది.

వైరు కలిపి, టేపు చుట్టాను.