అత్తగారి ఊపిరికి చందా

జబ్బు ఊరంతా పాకి ఆఫీసుకు తాళం పడ్డాక, ఆ సేవాసంస్థకు తన ఉద్యోగుల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రతి శుక్రవారం ఫోనుకు ఒక ఫారం వచ్చేది: మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు? మొదటివారం ఒకావిడ అమాయకంగా జ్వరమని రాసింది. "పాపం, విశ్రాంతి తీసుకో" అని ఆవిడకు జీతం లేని సెలవిచ్చి సాగనంపారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ మరి. అప్పట్నుంచీ అందరి ఇళ్ళలోనూ అందరూ కులాసాయే. మా సిబ్బంది నూటికి నూరుపాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారని పెద్దసారు దాతలకు గొప్పగా ఉత్తరం కూడా రాసుకున్నాడు.

ఆ సంస్థలోనే పనిచేసే కోడలూ కులాసా అనే నొక్కింది. వెనకగదిలో అత్తగారు జ్వరంతో మూలుగుతుంటే నొక్కింది. కోడలి భర్త పోయి మూడేళ్ళు, ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. ఆ జీతమే ఆధారం.

ఆమె పని దాతలకు ఫోన్ చేసి ఆక్సిజన్ సిలిండర్లకు చందాలు అడగడం. రోజూ పదింటికి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, ఆరోజు చెప్పబోయేది ఒకసారి అప్పజెప్పాలి. ఆయన తప్పులు దిద్దుతాడు. ఒకరోజు వెనకగదిలోని దగ్గు ఆయన చెవిన పడింది.

"ఎవరమ్మా అది?"

"మా అత్తయ్య సార్. తగ్గుతోంది లెండి."

"తగ్గుతోందని దాతలకెందుకు చెప్పడం? ఊపిరాడటం లేదని చెప్పు. సొంతమనిషంటే ఇట్టే కరిగిపోతారు."

ఆ మాట చెప్పడానికి కోడలికి మనసొప్పలేదు. అయినా చెప్పింది. చందాలు వరదలా వచ్చాయి. అత్తగారు లేచి తిరుగుతున్నా ఫోనులో మాత్రం కొన ఊపిరితోనే ఉండాల్సి వచ్చింది. ముసలావిడ టీ గ్లాసు పట్టుకుని తలుపు పక్కన కూర్చుని తన అవస్థంతా తనే వినేది.

"ఏమే, నిన్న వెంటిలేటర్ ఎక్కించావు, ఇవాళైనా దించుతావా లేదా? నాకింత గిరాకీ ఉందని మీ మామగారికి తెలిస్తే నన్ను నెత్తిన పెట్టుకునేవాడు" అని పకపకా నవ్వేది. కోడలు నవ్వలేకపోయేది. నోటితో అన్నది నిజమై కూర్చుంటుందేమోనని ఆమె భయం.

నాలుగోవారం జబ్బు తిరగబెట్టింది. తెల్లారేసరికి అత్తగారి పెదాలు నీలంగా మారాయి. ఏ ఆస్పత్రికి చేసినా పడకల్లేవన్నారు. సంస్థ గోదాములో మాత్రం సిలిండర్లున్నాయి, ఆమె గొంతు అరిగితే వచ్చినవే. పది కాగానే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసింది.

"సార్, మా అత్తయ్యకు ఊపిరాడటం లేదు. ఒక్క సిలిండర్ ఇప్పించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను సార్. నాకు ఆవిడ తప్ప..."

"శభాష్!" అన్నాడాయన. "ఆ చివర ఆపావు చూడు, అదీ! కాళ్ళు పట్టుకోవడం ఒక్కటి తీసెయ్, మరీ ఎక్కువైంది."

"అప్పజెప్పడం లేదు సార్. నిజంగానే."



"అదెలాగమ్మా? మొన్న శుక్రవారమేగా అందరూ కులాసా అని పెట్టావు! ఇప్పుడు మనవాళ్ళ ఇంటికే సిలిండర్ పంపితే పైవాళ్ళకు నేనేం చెప్పను? సరే, కంగారుపడకు, కనుక్కుంటాను. ఈలోగా కాల్స్ మొదలుపెట్టు. ఇదే గొంతు నిలబెట్టుకో."

ఆయన ఏమీ కనుక్కోడని ఆమెకు తెలుసు. ఫోన్ మంచమ్మీద విసిరికొట్టి వెనకగదిలోకి పరిగెత్తింది. అత్తగారు గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని గాలి కోసం తన్నుకుంటోంది. తలుపు తీసే ఉండటంతో కోడలి మాటలన్నీ ఆవిడకు వినబడ్డాయి. చెయ్యి చాచి కోడలి చెంగు పట్టుకుని, నవ్వబోయింది.

"ఇవాళ... భలే చెప్పావే," అంది. "ఎంతొచ్చింది?"

"ఏమీ రాలేదత్తయ్యా," అంది కోడలు.