పదకొండు కిటికీలు, ఒక్క కొలత

టేపుగారి ఇంటికి పదకొండు కిటికీలు. అందులో ఆయన కొలిచింది ఒక్కటి.

నిజానికి కథంతా ఇంతే. కానీ ఇక్కడితో ఆపేస్తే ఆయనేదో తెలివితక్కువ మనిషని మీరనుకుంటారు. అబ్బే, కానే కాదు. ముప్పై నాలుగేళ్లు సర్వే ఆఫీసులో పనిచేసిన మనిషి. ఎవరి స్థలంలో గోడ జానెడు పక్కకి జరిగినా వీధి చివరనుంచే పట్టేసేవారు. కిందివాళ్లు కొలతలు రాసుకొస్తే "మళ్లీ కొలిచావా?" అనేవారు. "కొలిచానండీ" అంటే "మూడోసారి?" అనేవారు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో స్టీలు టేపు లేకుండా గడప దాటింది లేదు. అందుకే వీధివాళ్లు ఆయన్ని టేపుగారు అంటారు. ఆయన దాన్ని బిరుదు కిందే జమకట్టుకున్నారు.

అలాంటి మనిషి సొంతింటి కిటికీలు ఎందుకు కొలవలేదంటే, కొలవడం నాన్నగారిని అనుమానించడమే అవుతుంది కనక.

నాన్నగారు లెక్కల మాస్టారు. ఆ ఇల్లు ఆయన దగ్గరుండి కట్టించింది. "ఒకే టేకు దుంగ, ఒకే కొలత, పదకొండు కిటికీలు. వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించండి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఎవరూ చూపించలేకపోయారు. బయటనుంచి చూస్తే ప్రతి కిటికీ చుట్టూ సిమెంటు పట్టీ, పదకొండు పట్టీలూ అచ్చు గుద్దినట్టు ఒక్కలా ఉండేవి. లోపలనుంచి చూస్తే అన్నిటికీ ఒకే పొడుగు, ఒకే వెడల్పు కర్టెన్లు. కొడుకు నోటుపుస్తకంలో మార్జిను గీత వంకర పోయిందా, చెక్క స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చి, "మనింటి కిటికీలను చూసి నేర్చుకోరా" అనేవారు. ఆ పిల్లవాడు కిటికీలను చూసి చూసి, చివరికి కొలతల ఉద్యోగంలోనే చేరాడు. నాన్నగారు పోయి ఇరవై ఏళ్లయినా, టేపు తీసిన ప్రతిసారీ టేపుగారి వేళ్లు కొంచెం ముడుచుకునేవి.

ఇక కిటికీల గొడవ ఎక్కడ మొదలైందంటే, అక్క పళ్లెంలో.

కిందటి వానాకాలం టేపుగారి అక్క తమ్ముణ్ని చూసిపోదామని వచ్చి, వంటింట్లో భోజనానికి కూర్చుంది. కిటికీ రెక్క పుచ్చిపోయి ఒక పక్కకి వేలాడుతోంది. వానజల్లు నేరుగా వచ్చి ఆవిడ అన్నంలో పడింది. అక్క పళ్లెం పక్కకి జరిపింది. జల్లు కూడా జరిగింది.

"ఒరేయ్, ఇంట్లో సగం వాటా నాది. ఈ కొంప అమ్మేద్దాం" అంది అక్క.

టేపుగారు లేచి నిలబడ్డారు. "నాన్న కట్టిన ఇల్లక్కా!"

"నాన్న కట్టాడు. నువ్వు నానబెడుతున్నావు."

"కిటికీలేగా, మార్పించేస్తా."

అక్క చెయ్యి కడుక్కుని, తీరిగ్గా తుడుచుకుని చెప్పింది. "సరే. వచ్చే వానల్లోగా పదకొండూ మార్పించు. ఏ తేడా రాకుండా చేయించావా, అమ్మకం మాట ఎత్తితే ఒట్టు. తేడా వచ్చిందా, నేను కాగితం తెస్తా, నువ్వు మారుమాట్లాడకుండా సంతకం పెట్టాలి."

"తేడానా? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అక్కా?"

"తెలుసులే" అంది అక్క, తమ్ముడి భార్యవైపు చూస్తూ. మరదలు మజ్జిగ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది.

కొత్త కిటికీలు ఫ్యాక్టరీలో చేయించాలని తేలింది. తెల్లటి ఫ్రేములు, మందపాటి అద్దాలు, చుక్క నీరు రాదన్నారు. కొలతలకని ఫ్యాక్టరీవాళ్లు ఒక మనిషిని పంపారు. పాపం, అతను గేటు లోపలికి అడుగు పెట్టి టేపు బయటికి తీశాడో లేదో, టేపుగారికి తల కొట్టేసినట్టయింది.

"మా ఇంట్లో కొలవడానికి ఇంకొకళ్లా! నువ్వు పుట్టకముందునుంచీ కొలుస్తున్నానయ్యా నేను" అని అతన్ని వచ్చినదారినే పంపేశారు. ముందుగది కిటికీని అడ్డంగా మూడుసార్లు, నిలువుగా మూడుసార్లు కొలిచారు. ఆరుసార్లూ ఒకటే కొలత వచ్చింది. ఆర్డరు కాగితం మీద ఆ కొలత రాసి, పక్కన "పదకొండు" అని వేసి, "కొలతల బాధ్యత నాదే" అన్నచోట గుండ్రటి సంతకం పెట్టారు.

భార్య తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది.

"ఏమండీ, మిగతావి కూడా ఒక్కసారి కొలిస్తే..."

"ఎందుకు?"

"ఎందుకైనా మంచిదని."

"ఎందుకైనా మంచిదని చేసేది పని కాదు, అనుమానం" అన్నారాయన.

సాయంత్రం మళ్లీ అంది. "కనీసం వంటింటిదైనా..." ఆయన పేపరు చాటుకి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున "అది కాదండీ, అత్తయ్య ఒకసారి నాతో..." అని మొదలుపెట్టింది. "అమ్మకి కొలతల సంగతేం తెలుసు? నీకేం తెలుసు?" అని ఆయన ఒక్క కసురు కసిరారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఎక్కడ ఆపాలో ఆవిడకి బాగా తెలుసు.

ఆయన మాత్రం ఉబ్బు ఆపుకోలేక అక్కకి ఫోన్ చేశారు. "ఆర్డరిచ్చేశానక్కా. ఫ్యాక్టరీవాడు పదకొండూ కొలుస్తానన్నాడు, పిచ్చివాడు! నాన్న కట్టిన ఇల్లు. ఒక్కటి కొలిచా, చాలదూ?"

"చాల్లే" అని ఫోన్ పెట్టేసింది అక్క.

మబ్బులు పట్టే రోజులొచ్చాయి. కిటికీలు శుక్రవారం దిగాయి. అక్క ఆదివారం వస్తానని కబురు పెట్టింది. మేస్త్రి ఇద్దరు మనుషులతో వచ్చి, ముందుగది పాత కిటికీ ఊడదీసి కొత్తది పెడితే, అగ్గిపెట్టెలో అర దూరినట్టు దూరింది. టేపుగారు మీసం మీద చెయ్యేశారు.

"చూశావా మేస్త్రీ? ఒకటి పట్టిందంటే అన్నీ పట్టినట్టే. మిగతా పదీ పీకి పారేయండి."

"ఒక్కోటి పీకి, పెట్టి చూసుకుంటూ పోదాం సార్."

"నేనుండగా చూసుకోవడమేమిటయ్యా?"

మధ్యాహ్నానికి పదీ పీకేశారు. ఇంటికి పది చిల్లులు పడ్డాయి. టేపుగారు కుర్చీలో కాస్త నడుం వాల్చారో లేదో, మేస్త్రి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"పడకగదిలోకి కిటికీ దూరట్లేదు సార్."

"గట్టిగా తొయ్యండి."

"వంటింట్లో దూరిందండీ. దూరి, అవతల పడబోయింది. మనవాడు పట్టుకున్నాడు కనక సరిపోయింది."

టేపుగారు లేచి వెళ్లి టేపు తీశారు. ఒక గది, రెండో గది, మూడో గది. మూడోదాన్ని మూడుసార్లు కొలిచారు. ఏ గది కొలతా ఇంకో గదితో కలవలేదు. పెరట్లోకి వస్తే, అక్కడ పాత కిటికీలు గోడకి చేరేసి ఉన్నాయి. ముందువైపు అన్నిటికీ ఒకే రంగు. గోడలో దాక్కున్న వెనకవైపు ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి నీలం. ఇంకోదానిమీద ఎవరిదో ఇంటి నంబరు చెక్కి ఉంది. చుట్టూ రాలిపడ్డ సిమెంటు పట్టీ ముక్కలు ఒకచోట బెత్తెడు మందం, ఒకచోట వేలెడు. వాటి మధ్య చెక్క బద్దలు, పెంకు ముక్కలు, ఇంత లావు కాగితాల చుట్ట. ఆయన కూర్చుని ఆ చుట్ట విప్పారు. అవి పరీక్ష పేపర్లు. ఎవరో పిల్లవాడు కట్టిన లెక్క మీద నాన్నగారి ఎర్రసిరా చెక్కుచెదరకుండా ఉంది. "కొలత తప్పు. సున్నా."

ఆ సున్నాని చుట్టి సందులో కుక్కి, పైన సిమెంటు మెత్తారన్నమాట.

టేపుగారికి ముందు కోపం వచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. ఎన్ని స్కేలు దెబ్బలు! ఈ కిటికీలను చూసి నేర్చుకోమన్న మనిషి, ఈ కిటికీలనేనా చూపించింది? అక్కడే మట్టిలో చతికిలబడ్డారు. భార్య వచ్చి పక్కన నిలబడింది.

"ఒకే దుంగ కాదండీ. పడగొట్టిన ఇళ్ల దగ్గర ఒక్కోటి ఒక్కోసారి కొని తెచ్చారట మామయ్యగారు. గోడలు లేచేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోయిందట."

"నీకెవరు చెప్పారు?"

"అత్తయ్య. నేను కాపురానికొచ్చిన వారానికి. స్టూలు ఎక్కించి, కర్టెన్ రాడ్డు చేతికిచ్చి, అన్నీ ఒక్కలా కనపడాలంటే ఏ కిటికీకి ఎన్ని వేళ్లు పైన పెట్టాలో చూపించారు. 'మీ మామయ్య పరువు ఈ గుడ్డల మీదుందమ్మా' అన్నారు."

"నాకు ఒక్క ముక్క చెప్పొచ్చు కదే!"

"మూడుసార్లు చెప్పబోయాను" అంది ఆవిడ. ఆ గొంతులో దెప్పు లేదు. అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆవిడ కొంగు బిగించి మేస్త్రి దగ్గరికెళ్లింది. "వంటింటిది నాలుగు వేళ్లు ఎక్కువ, బద్దలు పెట్టి పూడ్చండి. పడకగదిది రెండు వేళ్లు తక్కువ, ఇటుక చెక్కండి. అత్తయ్యగారి గదిది పొడుగు సరిపోతుంది, వెడల్పులోనే బెత్తెడు ఖాళీ." ఇలా పదీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మేస్త్రి టక్కున పట్టేశాడు. టేపుగారే వేళ్లను అంగుళాల్లోకి మార్చుకుంటూ వెనకబడ్డారు.

"ఈ ముక్క ముందే చెప్పాల్సింది అమ్మగారూ."

"నన్నెవరడిగారు బాబూ?"

రెండు రోజులు ఇంట్లో సుత్తి, ఉలి తప్ప ఇంకో మాట వినపడలేదు. సందులు పూడ్చడానికి కొత్త చెక్క చాలక, నాన్నగారి పాత బద్దలే మళ్లీ కొట్టారు. ఆదివారం పొద్దుటికి పదకొండు తెల్లటి కిటికీలు నిలబడ్డాయి. చుట్టూ సిమెంటు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. భార్య ఉతికిన పాత కర్టెన్లు తెచ్చి వరసగా తగిలించింది. పచ్చితనమంతా వాటి వెనక్కి పోయింది.

అక్క వచ్చింది. చంకలో తోలుసంచి. అందులో కాగితం ఉందని టేపుగారికి చూడకుండానే తెలుసు. ఆవిడ గదిగదీ తిరుగుతోంది, ఆయన వెనకాలే తిరుగుతున్నారు.

"అన్నీ సరిగ్గా పట్టాయా?"

"పదకొండూ ఒకే కొలతక్కా. వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించు" అనేశారు టేపుగారు. అన్నాక, ఆ గొంతు ఎవరిదో గుర్తుకొచ్చి ఆయన వేళ్లు ముడుచుకున్నాయి.

అక్క వంటింటి కిటికీ దగ్గర ఆగింది. కర్టెన్ ఎత్తలేదు. దాని వెనక్కి చెయ్యి పోనిచ్చి, రాడ్డుకీ కిటికీకీ మధ్య వేళ్లు పెట్టి చూసింది.

"ఇక్కడ నాలుగు వేళ్లు పట్టేవి. రాడ్డు నేనే పట్టుకునేదాన్ని, అమ్మ మేకు కొట్టేది. ఇప్పుడు ఇంకో రెండు వేళ్లు పట్టేస్తున్నాయేమిట్రా?"

చెయ్యి బయటికి తీసింది. వేళ్లకి తడి సిమెంటు.

గోడ పాతది కదా అందామనుకున్నారు టేపుగారు. మేస్త్రి మీదకి నెడదామనుకున్నారు. తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. కర్టెన్ వెనక పరువు దాచుకోవడం ఈ ఇంట్లో నాన్నగారితోనే చాల్లే అనిపించింది ఆయనకి.

"తేడా వచ్చిందక్కా" అన్నారు. "ఒక్కటే కొలిచాను. పది తప్పాయి. నీ మరదలు మూడుసార్లు చెప్పబోయింది, నేనే వినలేదు. పాత బద్దలు కుక్కి నిలబెట్టాం. కాగితం తియ్యి, సంతకం పెడతా."

అక్క సంచిలోంచి కాగితం తీసి, పెన్ను చేతికిచ్చింది. ఆయన తల వంచుకుని కింద సంతకం చేయబోయారు.

"ఆఫీసులో ఇలాగే చదవకుండా పెట్టేవాడివా? చదువు."

చదివారు. అక్క తన సగం వాటా ఇచ్చేస్తున్నట్టు రాసి ఉంది. ఇచ్చేది తమ్ముడికి కాదు, మరదలికి. టేపుగారి పేరు ఉంది, ఒకే ఒక్కచోట. సాక్షి అన్నచోట.

"అంటే... ఇల్లు అమ్మవా?"

"అమ్మి ఏం చేసుకోను? కిటికీల సంగతి అమ్మ ఇద్దరికే చెప్పింది, నాకూ మరదలికీ. నువ్వు ఈ పిల్లని ఒక్క మాట అడుగుతావా లేదా అని చూశాను. అడిగి ఉంటే నీ పేరే ఉంచేదాన్ని. ముందు అలాగే రాయించా కూడా. ఒక్కటి కొలిచా చాలదూ అని ఫోన్ చేశావు చూడు, ఆ మర్నాడే పేరు మార్పించా."

టేపుగారు భార్య వైపు చూశారు. ఆవిడ కళ్లనిండా నీళ్లు. పైట చెంగుతో తుడుచుకుంటూ, "వదినా, ఇప్పుడిదంతా ఎందుకు" అంటోంది. కానీ వద్దని మాత్రం అనలేదు. ఆయన అది గమనించారు. గమనించి, సాక్షి అన్నచోట గుండ్రంగా సంతకం పెట్టారు.

సోమవారం మేస్త్రి మళ్లీ వచ్చాడు. "తలుపులు కూడా పుచ్చాయి సార్. వానలు పడకముందే మార్చేద్దామా? కొలతలిస్తే ఆర్డరు పెట్టేస్తా. ఆరు తలుపులూ ఒకటేగా?"

టేపుగారు జేబులోంచి టేపు తీశారు. మూరెడు లాగారు. ఏమనుకున్నారో వదిలేశారు, అది టక్కున లోపలికి పోయింది. వంటింటివైపు తిరిగి, ముప్పై ఏళ్లుగా "ఏమే" అని పిలిచిన నోటితోనే పిలిచారు.

"ఏమండీ..."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మేస్త్రి నవ్వు ఆపుకోవడానికి అవతలికి తిరిగాడు.

"తలుపులన్నీ ఒకటేనా?" అని అడిగారు టేపుగారు.

"చేతులు తడిగా ఉన్నాయి, ఆగండి. వస్తున్నా" అంది ఆవిడ.

ఆయన టేపు జేబులో వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డారు.